తలనొప్పి మందులు – వాటి తంటాలు, మన జాగ్రత్తలు

(సంఘ వార్షిక సమావేశంలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ఈ సభలో చదువు గూర్చి మాట్లాడమంటే నాకు సులభంగా వుండేది. ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకొనే పంతులును గదా! కాని ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, హకీమును కాను. అయితే కొన్నేళ్ళుగా మా బంధువులను, తోటి ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని నంద్యాలలోను, కర్నూలులోను ఆసుపత్రులకు తిరిగే పని నాకే పడుతూ వచ్చింది. చీటీలు చదవడం, అర్థం కానిది డాక్టరును అడగడం, మాత్రల పెట్టెలో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాన్ని విప్పి చదవడం అలవాటైంది. అలా తెలుసుకొన్నదే ఇక్కడ చెబుతాను. నా మాట విని ఎవరూ మందు మానవద్దు, మార్చవద్దు. డాక్టరు దగ్గర ఏమి అడగాలో తెలుసుకొని వెళ్ళండి, అంతే నేను కోరేది.

నా విషయం తలనొప్పి కాదు. తలనొప్పికి వేసుకొనే మందుల వల్ల వచ్చే తంటాలు. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడిందని మనవాళ్ళు వూరికే అనలేదు. అయితే ఆ సామెతను పట్టుకొని మందే మానేసినవాళ్ళను కూడా నేను చూశాను. వాళ్ళ బాధ ఇంకా పెద్దది. మందు చేసే మేలును నిలుపుకొంటూ కీడును తగ్గించుకోవడం ఎలాగన్నదే మనకు కావలసింది.

ముందుగా ఒక హెచ్చరిక

తలనొప్పులన్నీ ఒకటి కావు. తలకు పట్టీ బిగించినట్టు రెండువైపులా పట్టే నొప్పి ఒకటి. ఒకవైపు నరం కొట్టుకొన్నట్టు వచ్చి, వాంతి తెప్పించి, వెలుతురును, చప్పుడును ఓర్చుకోనివ్వనిది ఇంకొకటి. దీన్నే తెలుగులో ఒంటితలనొప్పి అని, పార్శ్వపు నొప్పి అని అంటారు. మన ఇళ్ళలో ఆధాసీసీ అంటాము. హకీములు షఖీఖా అంటారు. ఇంగ్లీషు డాక్టర్లు మైగ్రేన్ అంటారు. ఇవి మనిషిని ఎంత బాధపెట్టినా సాధారణంగా ప్రాణం తీయవు.

కాని కొన్ని తలనొప్పులకు మాత్ర వేసి పడుకోరాదు. పిడుగు పడినట్టు ఒక్క నిమిషంలో భరించలేనంతగా వచ్చినది, జ్వరంతో మెడ బిగిసినది, మాట తడబడి, చేయో కాలో పట్టు తప్పినది, తలకు దెబ్బ తగిలిన తర్వాత వచ్చినది, మూర్ఛతో వచ్చినది, చూపు పోయినది, గర్భిణికి కొత్తగా తీవ్రంగా వచ్చినది – వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయవలసిందే. 50 ఏళ్ళు దాటిన తర్వాత మొదటిసారిగా తలనొప్పి మొదలైనా డాక్టరుకు చూపాలి. ఇది మొదట చెప్పకుండా మాత్రల సంగతి చెప్పడం న్యాయం కాదు.

రెండు రకాల మందులు

ఆధాసీసీకి ఇచ్చే మందులు రెండు జాతులు. ఒకటి, నొప్పి వచ్చినప్పుడు వేసుకొనేది. రెండు, నొప్పి రాకుండా రోజూ వేసుకొనేది. మన ఇళ్ళలో జరిగే పొరపాట్లలో సగం ఈ తేడా తెలియకపోవడం వల్లనే. రోజూ వేసుకోమన్న మాత్రను నొప్పి వచ్చిన రోజు మాత్రమే వేసుకొని "పని చేయలేదు" అంటారు. నొప్పి వచ్చినప్పుడు వేసుకోమన్నదాన్ని రోజూ వేసుకొంటారు. ఇది ఇంకా ప్రమాదం. చీటీ రాయించుకొన్నప్పుడే ఒక్కొక్క మాత్ర మీద వేలు పెట్టి "ఇది నొప్పి వచ్చినప్పుడా, రోజూనా?" అని అడగండి. చదువురాని తల్లి అయితే, నొప్పి మాత్రల కవరు మీద ఎర్ర చుక్క, రోజూ మాత్రల కవరు మీద చంద్రుని బొమ్మ వేయించుకొంటే చాలు.

నొప్పి మాత్రల సంగతి

అన్నిటికంటే తేలికైనది పారాసిటమాల్. సరైన మోతాదులో వేసుకొంటే కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు. కాని మితి మీరితే కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. పెద్దవాళ్ళకు 24 గంటలలో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, దాటనే రాదు. బక్కపలుచని వాళ్ళకు, కాలేయ జబ్బు వున్నవాళ్ళకు ఇంకా తక్కువ. ఇక్కడ కనబడని చిక్కు ఒకటుంది. జలుబు మాత్రలో, ఒళ్ళునొప్పుల మాత్రలో, తలనొప్పి మిశ్రమ మాత్రలో కూడా పారాసిటమాలే వుంటుంది. మూడు పేర్లతో ఒకే మందు మూడుసార్లు కడుపులోకి పోతుంది. అందుకే పైన పెద్దక్షరాల పేరు కాదు, దాని కింద వుండే చిన్నక్షరాల పేరు చదవండి. ఇంట్లో చదువుకొనే పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. పాఠం కూడా వస్తుంది, పుణ్యమూ వస్తుంది.

తరువాతివి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటివి. నొప్పిని బాగా తగ్గిస్తాయి. కాని పరగడుపున వేసుకొంటే కడుపు మండుతుంది. ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండు పడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. విరేచనం తారులాగా నల్లగా వస్తే లోపల రక్తం కారుతున్నదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి పోవాలి. బీపీకి, గుండెకు మందులు వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు, గర్భిణులు డాక్టరు మాట లేకుండా వీటిని ముట్టరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

డైక్లోఫెనాక్ గూర్చి మీకొక సంగతి చెబుతాను. మన చిన్నతనంలో చచ్చిన గొడ్డు మీద రాబందులు వాలేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు పిల్లలకు రాబందును బొమ్మలో చూపవలసిందే. దేశంలో రాబందులు, మూడు జాతులలో, నూటికి 95కు పైగా నశించాయి. కారణం వెతగ్గా తేలిందేమిటంటే, పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. మనిషి రాబందు కాడు. ఆ పక్షికి అది కొద్దిపాటి మోతాదులోనే విషం, మనకు అలా కాదు. అయినా ఒక అవయవానికి మేలు చేసేది ఇంకొక అవయవం మీద ఏ పని చేస్తుందో అడిగి తెలుసుకోవాలనే బుద్ధి ఆ కథ చెబుతుంది. ముఖ్యంగా మన ఎండల్లో, ఒంట్లో నీరు తగ్గిన సమయంలో, ఈ మాత్రలు మూత్రపిండాలకు మరింత భారమవుతాయి. పొలం నుంచి, బండల పని నుంచి వచ్చినవాళ్ళు ముందు నీళ్ళు తాగి, నీడలో కూర్చొని, ఏదైనా తిని, అప్పటికీ తగ్గకపోతే మాత్ర గూర్చి ఆలోచించాలి. ఆళ్ళగడ్డలో రాతిపని చేసే సోదరులకు ఎండ, దుమ్ము, ఉలి చప్పుడు మూడూ ఒక్కచోటే వుంటాయి. వాళ్ళకు ఈ మాట మరీ అవసరం.

మూడవది ఎర్గాట్ జాతి. సజ్జ పండించే రైతులకు తేనెబంక తెగులు తెలుసు. కంకి మీద జిగురు కారి, గింజ స్థానంలో నల్లటి ముద్ద కడుతుంది. ఐరోపాలో రై అనే ధాన్యానికి ఇటువంటి తెగులే పడుతుంది. ఆ బూజు నుంచి తీసిందే ఎర్గాటమిన్. అది రక్తనాళాలను ముడుచుకొనేటట్టు చేస్తుంది. మన మందుల షాపుల్లో దొరికే కొన్ని మిశ్రమ మాత్రల్లో కెఫీన్‌తో, పారాసిటమాల్‌తో కలిపి వుంటుంది. వికారం, వేళ్ళు చల్లబడడం, తిమ్మిర్లు దీని గుర్తులు. గుండెజబ్బు, కాళ్ళలో రక్తప్రసారం తక్కువ వున్నవాళ్ళకు, గర్భిణులకు ఇది పనికిరాదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్కులతో కలిస్తే చాలా ప్రమాదం. సుమట్రిప్టాన్ అనే మరొక మందు వేసుకొన్న 24 గంటలలోపు దీన్ని వేసుకోరాదు. ఆ సుమట్రిప్టాన్ కూడా గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇవ్వరు. వేసుకొన్నప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటే డాక్టరుకు చెప్పి తీరాలి.

మాత్రే నొప్పిని తెచ్చినప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. తలనొప్పి మాత్రలు మరీ ఎక్కువ రోజులు వేసుకొంటే, ఆ మాత్రల వల్లనే రోజూ తలనొప్పి వస్తుంది. ఇది నమ్మశక్యంగా వుండదు. నాకు మొదట చెప్పినప్పుడు నేనూ నమ్మలేదు. కాని వైద్యులు దీనికి లెక్క కూడా పెట్టారు. మామూలు నొప్పి మాత్రలైతే నెలలో 15 రోజులు లేక అంతకు మించి, ఎర్గాట్, ట్రిప్టాన్, మిశ్రమ మాత్రలైతే నెలలో 10 రోజులు లేక అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినవాళ్ళకు ఇది రావచ్చు. గమనించండి, లెక్క మాత్రలది కాదు, రోజులది.

ఆళ్ళగడ్డలో మా దగ్గరి బంధువు ఒకామె వున్నారు. మేమందరం ఆపా అంటాము. పెండ్లైన నాటి నుంచీ ఆధాసీసీ. మొదట నెలకు రెండుసార్లు వచ్చేది. పక్కనే మందుల షాపు. చీటీ అడగరు, ఏమని అడగరు. రెండు మాత్రలు నాలుగయ్యాయి, నాలుగు అట్ట అయింది. చివరికి ఫజర్ నమాజు కాగానే చాయ్‌తోపాటు మాత్ర వేసుకోనిదే పొయ్యి దగ్గరికి పోలేని స్థితి వచ్చింది. "నొప్పి వచ్చి వేసుకొంటున్నావా ఆపా, రాకముందే వేసుకొంటున్నావా?" అని నేను అడిగితే, "వస్తుందన్న భయానికి వేసుకొంటున్నా బాబూ" అన్నారు. ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు.

ఒకనాడు కళ్ళు తిరిగి పడిపోయారు. చూస్తే రక్తం బాగా తగ్గిపోయివుంది. విరేచనం నల్లగా పోతున్న సంగతి రెండు వారాలుగా ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్ళు అటువంటివి చెప్పుకోరు గదా! కడుపులో పుండు. దానికి వైద్యం చేసి, తరువాత నరాల డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది తల గూర్చి కాదు. "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకొంటున్నారు?" అని. లెక్క వేస్తే 26 రోజులు తేలింది.

నొప్పి మాత్రలు ఆపించారు. ఏ మందు ఒక్కసారిగా ఆపాలో, ఏది మెల్లగా తగ్గించాలో డాక్టరే నిర్ణయించాలి. ఆపిన తర్వాత రెండు రోజుల నుంచి పది రోజుల దాకా నొప్పి మునుపటికంటే ఎక్కువ అవుతుందని ముందే చెప్పారు. అలాగే అయింది. వాంతులు, నిద్ర లేకపోవడం, చిరాకు. ఇంట్లోవాళ్ళు "ఒక్క మాత్ర వేస్తే ఏమవుతుంది?" అన్నారు. ఆ పది రోజులు ఆమె కోడలు వంట చూసుకొంది, పిల్లలను పక్కింటికి పంపింది, గదిలో చీకటి చేసింది. ఆ అమ్మాయి అలా నిలబడకపోతే ఏ డాక్టరూ ఏమీ చేయలేకపోయేవాడు. రెండు నెలలు తిరిగేసరికి నెలకు ఐదారు రోజుల నొప్పి మిగిలింది. పూర్తిగా పోలేదు. కాని ఆపా మళ్ళీ పెండ్లిండ్లకు వస్తున్నారు.

రోజూ వేసుకొనే మందులు

నెలకు నాలుగైదుసార్లకు మించి నొప్పి వచ్చి పనులు ఆగిపోతూ వుంటే, రాకుండా వుండేందుకు మందు ఇస్తారు. ఇక్కడ ఒక్క మాట గుర్తు పెట్టుకొంటే చాలు. ఈ మందుల తంటా ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. నిద్రమత్తు, నోరు ఎండడం మొదటి వారంలోనే కనబడతాయి. నొప్పి తగ్గడం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందువల్ల మనవాళ్ళు పది రోజులకే మానేస్తారు. తంటా మాత్రం అనుభవించి, మేలు రాకముందే లేచి వచ్చేస్తారన్నమాట. వడ్డించేదాకా కూర్చోకుండా దావతు నుంచి లేచి వచ్చినట్టు!

అమిట్రిప్టిలిన్: తక్కువ మోతాదుతో, చాలామందికి 10 మిల్లీగ్రాములతో, మొదలుపెడతారు. నిద్రమత్తు, నోరు ఎండడం, మలబద్ధకం, బరువు పెరగడం దీని తంటాలు. పడుకోబోయే నిమిషంలో కాకుండా గంటా రెండు గంటల ముందు వేసుకొంటే పొద్దున మత్తు తగ్గుతుందేమో డాక్టరును అడగండి. నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు మలబద్ధకానికి మంచివి. నోరు ఎండితే నాలుగు సోంపు గింజలు నమలవచ్చు. మూత్రం కష్టంగా వచ్చే ముసలివాళ్ళు, కంటిలో నీటికాసులు వున్నవాళ్ళు ముందే చెప్పాలి. ఈ మందు మనోవ్యాధికి కూడా ఇస్తారు. ఆపాకు ఇదే ఇస్తే, ఎవరో చదివి "ఇది పిచ్చిమాత్ర" అన్నారు. ఆమె మూడు రోజులు ముట్టలేదు. ఒకే కత్తి కూరగాయ తరుగుతుంది, మాంసమూ కోస్తుంది. ఒకే మందు రెండు జబ్బులకు పనికివస్తే అందులో సిగ్గుపడేదేముంది? అయితే దీన్ని పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టండి. పిల్లలు మింగితే ప్రాణాపాయం.

ప్రొప్రనొలాల్: నీరసం, చేతులు చల్లబడడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, పీడకలలు వుండవచ్చు. ఉబ్బసం వున్నవాళ్ళు దీన్ని వేసుకోరాదు. డాక్టరు అడగకపోయినా "నాకు దమ్ము వుంది" అని మీరే చెప్పాలి. చక్కెరజబ్బుకు ఇన్సులిన్ తీసుకొనేవాళ్ళకు చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మందు వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, అదే గుర్తు. దీన్ని హఠాత్తుగా ఆపరాదు. ఊరికి పోతూ మాత్రలు మరిచిపోతే అదీ ఆపినట్టే.

ఫ్లూనరిజిన్: మన ప్రాంతంలో విరివిగా రాస్తారు. రాత్రిపూట వేసుకోవాలి. నిద్ర, ఆకలి, బరువు పెరుగుతాయి. కొందరికి మనసు దిగులుగా మారుతుంది. ముసలివాళ్ళకు చేతులు వణకడం, నడక బిగిసిపోవడం రావచ్చు. ఇవి ముసలితనం అనుకొని ఊరుకోవద్దు. ఇది ఏళ్ళ తరబడి వేసుకొనేది కాదు. పాత చీటీ చూపి షాపులో తెచ్చుకొంటూ పోవడం మానండి. ఆటో నడిపేవాళ్ళు, లారీ డ్రైవర్లు, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు ఇటువంటి నిద్రమందులాంటివి వేసుకొనే ముందు తమ పని ఏమిటో డాక్టరుకు చెప్పాలి. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు 40 కిలోమీటర్లు. స్టీరింగు దగ్గర ఒక్క కునుకు చాలు.

టోపిరమేట్: వేళ్ళలో చీమలు పాకినట్టుండడం, ఆకలి తగ్గడం, మాట నోటి చివర వుండి రాకపోవడం దీని తంటాలు. నాలాంటి పంతులుకు ఆ చివరిది వస్తే ఉద్యోగానికే ఇబ్బంది! మూత్రపిండాల్లో రాళ్ళు రావచ్చు గనుక నీళ్ళు బాగా తాగాలి. మన ఊరికి సంబంధించింది ఇంకొకటి. ఇది చెమట పట్టడాన్ని తగ్గించవచ్చు, పిల్లల్లో మరీను. మే నెల ఎండల్లో చెమట లేకపోతే ఒళ్ళు కాగిపోతుంది. హఠాత్తుగా కన్ను నొప్పి పుట్టి చూపు మసకబారితే అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ఖరీదైన కొత్త ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. 2018లో అమెరికాలో మొదట అనుమతి పొందిన ఎరెనుమాబ్ వాటిలో ఒకటి. దానికీ మలబద్ధకం వంటి తంటాలున్నాయి. తంటా లేని మందు కోసం వెతికేవాడు మందుల షాపులో కాదు, కలలో వెతకాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు

దయచేసి ఇది శ్రద్ధగా వినండి. ఒంటితలనొప్పి మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. అదీ పెండ్లి, కాన్పుల వయసులో ఎక్కువ. నొప్పి రాకుండా ఇచ్చే మందుల్లో వాల్‌ప్రొయేట్ అనేది ఒకటుంది. మూర్ఛకు కూడా ఇస్తారు. గర్భంలో వున్నప్పుడు తల్లి దీన్ని వాడితే, పుట్టే పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి అంగలోపాలు, నూటికి 30 నుంచి 40 మందికి బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులు వస్తాయని తేలింది. పంతులుగా ఆ చివరి మాట నన్ను కలవరపెడుతుంది. తరగతిలో వెనకబెంచీలో కూర్చున్న బిడ్డను మొద్దు అంటాము. బిడ్డ చేసిన తప్పేమిటి? టోపిరమేట్ వల్ల కూడా గర్భస్థ శిశువుకు హాని వుంది.

పెండ్లి కుదిరిందంటే నగలు, బట్టలు, షాదీఖానా చూస్తాము. అమ్మాయి వేసుకొనే మాత్రల జాబితా కూడా చూడాలి. తలనొప్పి సంగతి మగపెండ్లివారికి తెలుస్తుందేమోనని దాచి, అదే మాత్రలు పెట్టెలో పెట్టి అత్తవారింటికి పంపవద్దు. పెండ్లికి కొన్ని నెలల ముందే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి "గర్భం వస్తే ఈ మందు పరవాలేదా?" అని అడగండి. మూర్ఛకు వాడేవాళ్ళు మాత్రం సొంతంగా ఆపరాదు. ఆపితే మూర్ఛలు వచ్చి తల్లికే ప్రమాదం.

నొప్పికి ముందు కళ్ళ ముందర మెరుపులు, వంకరగీతలు కనబడేవాళ్ళు, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడబోయేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. ఈస్ట్రోజన్ వున్న మాత్రలతో వాళ్ళకు పక్షవాతం భయం పెరుగుతుంది.

రంజాన్ మాసంలో

ఉపవాస దినాల్లో, ముఖ్యంగా మొదటి రోజుల్లో, తలనొప్పి ఎక్కువ అవుతుంది. ఆకలి, నీరు తగ్గడం, నిద్ర తగ్గడం, ఉన్నట్టుండి చాయ్ ఆగిపోవడం కారణాలు. రంజాన్‌కు వారం పది రోజుల ముందు నుంచే చాయ్ కప్పులు మెల్లగా తగ్గించండి. రోజుకు ఒకసారి వేసుకొనే మందు చాలావరకు ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. రెండు మూడుసార్లు వేసుకొనేదానికి డాక్టరును ముందే అడగాలి. సహరీలో నాలుగు మాత్రలు కలిపి మింగేయడం, ఇఫ్తార్‌కు ఖర్జూరం కంటే ముందు పరగడుపున నొప్పి మాత్ర వేయడం రెండూ తప్పే. టోపిరమేట్ వేసుకొనేవాళ్ళు ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్ళు బాగా తాగాలి. రోగికి ఉపవాసం వాయిదా వేసుకొనే సౌలభ్యం వుందని ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. శరీరం సంగతి డాక్టరును, మసలా సంగతి ఆలిమును అడగండి. ఇరుగుపొరుగు ఏమనుకొంటారోనని మాత్రం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

బామ్, హకీం సాబ్

మాత్ర కంటే ముందు మనవాళ్ళ చేయి పోయేది బామ్ మీదికే. 1893లో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆంధ్రపత్రికకు వెన్నుదన్ను ఆ పచ్చని డబ్బీయే. నుదుటికి రాసుకొని కళ్ళు మూసుకొంటే కొందరికి ఉపశమనమే. కాని కర్పూరం వున్న బామ్‌లను చంటిపిల్లల ముక్కుకు, ఛాతీకి పూయరాదు. కళ్ళలో పడనివ్వరాదు. చర్మం ఎర్రబడితే మానాలి.

యునానీ వైద్యం మన పెద్దల సొత్తు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరిట యునానీ వైద్య కళాశాలే వుంది. చదువుకొన్న హకీం దగ్గరికి పోవడంలో తప్పు లేదు. అయితే డాక్టరు మందు సంగతి హకీముకు, హకీం మందు సంగతి డాక్టరుకు చెప్పాలి. పేరు, పొట్లం వివరం లేని పొడిని ఎవరిచ్చినా తీసుకోవద్దు. హకీములు చెప్పే పర్హేజ్ అనే మాట ఎంత మంచిదో! వేళకు నిద్ర, వేళకు భోజనం, ఎండకు తలపాగా, చాలినన్ని నీళ్ళు – ఈ పర్హేజ్‌కు మాత్రం ఏ తంటా లేదు.

తలనొప్పికి హాజరుపట్టీ

మా బడిలో హాజరుపట్టీ లేనిదే ఏ లెక్కా తేలదు. తలనొప్పికి కూడా అలాగే. వంటింటి గోడకు వున్న క్యాలెండరే చాలు. నొప్పి వచ్చిన తేదీకి చుక్క, నొప్పి మాత్ర వేసుకొన్న తేదీకి సున్న చుట్టండి. నెలాఖరున సున్నలు లెక్కపెట్టండి. ఎనిమిదికి చేరితే జాగ్రత్త పడి, పది కాకముందే డాక్టరు దగ్గరికి పోవాలి. కొత్త మందు మొదలుపెట్టిన తేదీ రాయండి. నెలకొకసారి బరువు రాయండి. మత్తు, దిగులు, వాపు ఏది కొత్తగా వచ్చినా ఆ తేదీ దగ్గర ఒక్క మాట రాయండి. ఆ క్యాలెండరు కాగితాన్ని మడిచి డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. రద్దీలో రెండు నిమిషాలే దొరికినా ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

అడగవలసిన ప్రశ్నలు ఐదు. ఈ మందు దేనికి? ఎన్నాళ్ళు? ఏ తంటా వస్తే ఓర్చుకోవచ్చు, ఏది వస్తే పరుగెత్తుకు రావాలి? ఒకపూట మరిచిపోతే ఏమి చేయాలి? నేను వాడే వేరే మందులతో పడుతుందా?

మందు వల్ల హాని జరిగిందనిపిస్తే చెప్పుకోవడానికి ప్రభుత్వ ఏర్పాటు కూడా వుంది. 2010లో దేశంలో ఔషధ దుష్ఫలితాల నిఘా కార్యక్రమం మొదలైంది. 1800-180-3024 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. రోగులు నింపే పత్రం తెలుగులో కూడా వుంది. మనం చెప్పే ఒక్క ఫిర్యాదు వల్ల రేపు ఇంకొకరి బిడ్డ బాగుపడవచ్చు.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. 2023 సెప్టెంబరులో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్ద డాక్టరు కోసం ప్రతిదానికీ కర్నూలు పోవలసిన రోజులు తగ్గుతున్నాయి. ఇక మిగిలింది మనం షాపు గుమ్మం దగ్గరే ఆగిపోకుండా ఆసుపత్రి గుమ్మం ఎక్కడమే.

సంఘం పెద్దలకు నాదొక మనవి. ఏటా మనం పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాము. వాటితోపాటు మన సభ్యుల్లో మందులు చదవడం వచ్చిన యువకులు, యువతులు నెలకొక ఆదివారం నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను కూర్చొంటే చాలు. ఇళ్ళలో వున్న మాత్రల సంచులు తెప్పించి, ఒకే మందు రెండు పేర్లతో వున్నదేమో, గడువు తీరినదేమో, చీటీ లేకుండా ఏళ్ళ తరబడి వాడుతున్నదేమో చూసి, అటువంటివాళ్ళను డాక్టరు దగ్గరికి పంపాలి. వైద్యం చేయవద్దు, పంపితే చాలు. ఆడవాళ్ళ కోసం ఆడపిల్లలే కూర్చోవాలి. ఎందుకంటే మన తల్లులు నొప్పిని ఓర్చుకోవడంలో ఎంత గట్టివాళ్ళో, చెప్పుకోవడంలో అంత మొహమాటస్తులు.